నలభయ్యో సీటు

పోయినవారం మనం కండక్టరమ్మను ల్యాబులో ఫ్రీజరు తలుపు దగ్గర, చేతిలో వేలెడంత కూడా లేని ఒక ట్యూబుతో నిలబెట్టి వచ్చేశాం. ట్యూబు మీద నలభై అని అంకె. లోపల ఉన్నది మూడు నెలల కిందట చనిపోయిన ఆమె తమ్ముడి రక్తం తాలూకు తేట, ఒక్క పరీక్షకు సరిపడా మాత్రమే. పరీక్షకు పెడితే ఆ చుక్క కూడా అయిపోతుంది. పెట్టకపోతే ఆ రోజు తాను చేసింది తప్పో ఒప్పో ఆమెకు ఎప్పటికీ తేలదు. ల్యాబును నడిపే పెద్దసారు బలవంతం చెయ్యలేదు. "నీ ఇష్టమమ్మా, నువ్వే తేల్చుకో" అని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె తేల్చుకుంది. శనివారం పొద్దున అందరికంటే ముందు వచ్చి, కోటు తొడుక్కుని, ఆ చుక్కను పరీక్ష పలక మీది గుంటలో వదిలింది. ఇరవై రెండేళ్ళుగా అదే పని చేస్తున్న చేతులవి, మనసు మాట వినే రకం కాదు. ఖాళీ ట్యూబుకు మూత పెట్టి కోటు జేబులో వేసుకుంది.

ఈ కథను మధ్యలో అందుకున్నవాళ్ళకు కండక్టరమ్మ ఎవరో, ఆ బస్సేమిటో చెప్పాలి. ఊపిరితిత్తులు ఉన్నట్టుండి దెబ్బతిని ఐసీయూలో చేరినవాళ్ళ రక్తంలో తెల్లకణాలు వదిలే ప్రొటీన్లను కొలవడం ఆమె పని. తెల్లకణాలు ఒంటికి కాపలావాళ్ళు. ఊపిరితిత్తికి గాయం తగలగానే అందరికంటే ముందు అక్కడికి ఉరికేవి అవే. ఉరికి, తమ దగ్గరున్న ప్రొటీన్లన్నీ అక్కడ కుమ్మరిస్తాయి. శత్రువు దొరికితే సరేసరి, దొరక్కపోతే కాపలా కాయాల్సిన ఇంటినే పీకి పందిరేస్తాయి. మనిషికి ఆయాసం రాకముందే, ఎక్స్‌రేలో ఏమీ కనపడకముందే ఆ ప్రొటీన్ల జాడ రక్తంలో దొరుకుతుందా, దొరికితే ఎన్ని గంటల ముందు దొరుకుతుంది అన్న ప్రశ్నను పట్టుకుని పెద్దసారు ఏడేళ్ళుగా వేళ్ళాడుతున్నాడు.

పరీక్ష జరిగేది చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక మీద. ఒక పలకలో నలభై మంది రక్తం పడుతుంది. ఒక్కరి చోటు ఖాళీగా పోయినా కండక్టరమ్మకు కడుపు తరుక్కుపోతుంది. "సీట్లు నిండందే బస్సు కదలదు" అంటుంది. అందుకే ఆ పేరు. అసలు పేరు ఆ ల్యాబులో ఎవరికీ అక్కర్లేకుండా పోయి చాలా ఏళ్ళయింది. సీటు మిగిలితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను ఎవరినో ఒకరిని పట్టుకొచ్చి సూది గుచ్చుతుంది. రోగుల అంకెలతో పోల్చి చూసుకోవడానికి బాగున్నవాళ్ళ అంకెలూ కావాలి కదా. గేటు దగ్గర వాచ్‌మన్, లిఫ్టు బాగుచేసే ఆయన, పెద్దసారు బావమరిది, అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ బస్సెక్కినవాళ్ళే. అందరికంటే ఎక్కువసార్లు ఎక్కినవాడు తమ్ముడు. ఈత కొలనులో పంపు ఆపరేటరు. ఫోన్ చేస్తే చాలు, డ్యూటీకి ముందో వెనకో వచ్చి చెయ్యి చాపేవాడు. "ఆరోసారే అక్కా ఇది, ఇకనైనా నాకో పాసు ఇప్పించవే" అన్నాడు ఒకసారి.

ఆ ఆరోసారే చివరిసారి. అది ఒక బుధవారం. పది గంటలకు వచ్చి, చొక్కా చెయ్యి మడిచి, రక్తమిచ్చాడు. ఇక్కడ ఒక నియమం ఉంది. తీసిన రక్తాన్ని అరగంటలోపు మిషన్లో గిర్రున తిప్పి, తేటను వేరు చెయ్యాలి. ఆలస్యమైతే తెల్లకణాలు ట్యూబులోనే పగిలి లోపలి ప్రొటీన్లను కక్కేస్తాయి. అప్పుడు నిక్షేపంలాంటి మనిషి రక్తం కూడా రోగి రక్తంలా అంకె చూపిస్తుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళ చేత ఈ నియమాన్ని వల్లె వేయించేది ఆమే. కానీ ఆ రోజు తమ్ముణ్ణి చూసి చాలా రోజులైంది. "టీ తాగి వద్దాం పదరా" అని క్యాంటీనుకు తీసుకెళ్ళింది. కబుర్లలో గంటన్నర గడిచింది. టీ తాగుతూ వాడు రెండుసార్లు దగ్గాడు. పొలమారిందన్నాడు. "నీ పెళ్ళాం తలుచుకుంటోందిరా" అని ఆమె వాడి నెత్తి మీద తట్టింది. పైన ల్యాబులో ట్యూబు బల్ల మీద అలాగే ఉంది.

సాయంత్రం నాలుగున్నరకు అంకెలు వచ్చాయి. నలభయ్యో అంకె మామూలుకు నాలుగింతలు. చూడగానే ఆమెకు భయం వెయ్యలేదు, సిగ్గేసింది. వాణ్ణి కూర్చోబెట్టుకుని ట్యూబు సంగతి మరిచిపోతినే అనుకుంది. పుస్తకంలో ఆ అంకె మీద ఎర్రగీత కొట్టి, "ట్యూబు ఆలస్యమైంది, పరిగణించరాదు" అని రాసి సంతకం చేసింది. మర్నాడు తెల్లవారుతూండగా తమ్ముణ్ణి ఆయాసంతో అదే ఆసుపత్రికి తెచ్చారు. తొమ్మిదో రోజు పోయాడు.

మొన్న పెద్దసారు పాత పుస్తకాలు తిరగేస్తూ ఆ ఎర్రగీత దగ్గర ఆగింది అందుకే. దారి చూపించిందీ ఆయనే. ఊపిరితిత్తి లోపలి పొరలో తయారయ్యే ప్రొటీను ఇంకొకటి ఉంది. పొర చిరిగితేనే అది రక్తంలోకి కారుతుంది. తెల్లకణాల్లో అది ఉండదు కాబట్టి, ట్యూబు గంటన్నర కాదు రోజంతా బల్ల మీద ఉన్నా పుట్టదు. దాచిన చుక్కలో అది తక్కువగా ఉంటే ఎర్రగీత సరైనదే, తమ్ముడు ఆ పొద్దున బాగానే ఉన్నట్టు. ఎక్కువగా ఉంటే, ఆమె కొట్టేసిన అంకె నిజం చెప్పినట్టు.

ఎక్కువగా ఉంది. చాలా ఎక్కువగా ఉంది.

కాగితం తీసుకెళ్ళి పెద్దసారు బల్ల మీద పెట్టింది. ఆయన చూశాడు, కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. అవసరం లేకపోయినా ఇంకోసారి చూశాడు.

"ఇది చూసి అతన్ని బతికించి ఉండేవాళ్ళమని నేను చెప్పలేనమ్మా" అన్నాడు. "బతికించలేకపోయేవాళ్ళమనీ చెప్పలేను. మనదింకా పరిశోధనే. ఈ అంకె చూసి మందు మార్చే డాక్టరు ఇవాళ్టికీ లేడు."

"తెలుసు సార్."

"నువ్వు గీత కొట్టింది నియమం ప్రకారమే. నేనున్నా అదే చేసేవాణ్ణి."

"మీరుంటే ట్యూబు ఆలస్యమయ్యేది కాదు సార్."

ఆయన కాగితం మడిచి పక్కన పెట్టాడు. "ఇంటికెళ్ళమ్మా ఇవాళ" అన్నాడు. ఆమె తలూపి వచ్చేసింది. ఒక సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. నిజానికి మూడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. ఇన్ని వారాలుగా వెంట తిరుగుతున్నాం కదా అని మనకైనా చెప్పిందా అంటే, లేదు. కోటు విప్పి కొక్కేనికి తగిలించేటప్పుడు, జేబులోని ఖాళీ ట్యూబును తీసి చేతిసంచిలో వేసుకుంది. వాడేసిన ట్యూబుల్ని పసుపు డబ్బాలో పారేయాలి. అదీ నియమమే.

ఆమె తన ఇంటికి వెళ్ళలేదు. మరదలి ఇంటికి వెళ్ళింది. వెళ్ళక తప్పదు, ఎందుకంటే ఆ ఇంట్లో ఏడేళ్ళ పిల్ల ఒకతి ఉంది. ఇంతుండి అంత ఘాటుగా మాట్లాడుతుందని తండ్రి దాన్ని ఆవగింజ అని పిలిచేవాడు. ఆ బుధవారం మధ్యాహ్నమే దానికి బళ్ళో జ్వరమొచ్చింది. తండ్రే వెళ్ళి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. తొమ్మిదో రోజు ఐసీయూ వరండాలో దూరపు చుట్టం ఒకావిడ, "పిల్ల జ్వరమే తండ్రికి అంటుకుంది పాపం" అని పక్కావిడతో అంది. పిల్ల అక్కడే ఉంది. బెంచీ కింద దూరి చెప్పు వెతుక్కుంటోంది. ఆ రోజు నుంచి నోటికి జేబురుమాలు కట్టుకుని తిరుగుతోంది. తల్లి పక్కన పడుకోదు. ఎవరైనా దగ్గరికొస్తే ఊపిరి బిగపట్టుకుని, వాళ్ళు దూరం జరిగేదాకా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంటుంది. ఆ పిల్లకు ఆ బరువు దించాలంటే తన తప్పు తన నోటితో చెప్పుకోవడం తప్ప కండక్టరమ్మకు మరో దారి లేదు.

మరదలు బడిపిల్లల యూనిఫాములు కుడుతుంది. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు, ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను. కిందనుంచి మెట్లెక్కుతుంటేనే దాని చప్పుడు వినపడుతుంది. ఆ పూట నేల మీద నీలం రంగు నిక్కర్లు గుట్టగా పడి ఉన్నాయి. లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది.

"రండి వదినా" అంది మరదలు, మిషను ఆపకుండానే. "కాస్త ఆగండి, ఈ కుట్టు అయిపోతే లేస్తాను. ఏంటి, మొహం అలా పీక్కుపోయింది? అన్నం తిన్నారా?"

"తిన్నాను."

"అబద్ధం."

మామూలుగా అన్న మాటే అది. కానీ ఆమెకు చురుక్కుమంది. నిక్కర్ల గుట్టను పక్కకు జరిపి పీట లాక్కుని కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో దారిపొడుగునా అనుకున్న మాటలన్నీ మెట్ల దగ్గరే రాలిపోయాయి.

"తమ్ముడి రక్తం ఇవాళ మళ్ళీ చూశానమ్మాయ్" అంది.

మిషను ఆగింది.

"వాడు నా దగ్గరికొచ్చిన రోజు, బుధవారం పొద్దున, అప్పటికే వాడి ఊపిరితిత్తులు దెబ్బతిని ఉన్నాయి. ఇప్పుడు తేలింది. అనుమానమేం లేదు."

మరదలు సూది కింది గుడ్డను అలాగే పట్టుకుని, అర్థంకానట్టు చూసింది. "అదెలా అవుతుంది వదినా? ఆ రోజు రక్తం బంగారంలా ఉందన్నారు కదా మీరు?"

ఇదీ ఆమె ఎవరికీ చెప్పని సంగతి. ఆ సాయంత్రం ఐదింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. ఎప్పుడూ అడగనివాడు, "ఎలా ఉందే అక్కా నా నెత్తురు?" అని అడిగాడు. ఆమె ఎదుట పుస్తకం ఆ ఎర్రగీత దగ్గరే తెరిచి ఉంది. "బంగారంలా ఉందిరా" అంది. ఆ మాట తనకూ వాడికీ తప్ప మూడో మనిషికి తెలియదనే ఆమె ఇన్నాళ్ళూ నమ్ముకుంది.

"నీకెవరు చెప్పారు?" అంది.

"ఎవరో చెప్పడమేంటి, విన్నాను. ఇదిగో ఈ గుమ్మంలోనే నిలబడి, స్పీకర్లో పెట్టి మాట్లాడారు. అసలు ఆ ఫోన్ నా గోల పడలేకే చేశారు." మరదలు గుడ్డ వదిలేసి ఇటు తిరిగింది. "మంగళవారం రాత్రి కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని వచ్చారు వదినా. పంపు గదిలో పాత క్లోరిన్ డబ్బా ఏదో కారిందట, గ్యాసు ఘాటు తగిలిందట. డాక్టరు దగ్గరికెళ్దాం పదండి అంటే వినలేదు. రేపెలాగూ అక్క రక్తం తీసుకుంటుంది, అందులో ఏమైనా ఉంటే అక్క కన్ను దాటిపోదు అన్నారు. మీకు చెప్పొద్దన్నారు. ముందే చెప్తే అక్క కంగారుపడి ఊరంతా లేపుతుంది, దాని కంటికి అది కనిపెట్టనీ అన్నారు."

కండక్టరమ్మకు క్యాంటీను బల్ల కనిపించింది. టీ గ్లాసు, దగ్గు, వాడి నెత్తి మీద తన చెయ్యి. వాడు ఆ రోజు సీటు నింపడానికి రాలేదు. తనకేమైనా అయిందేమో చూడమని వచ్చాడు. నోటితో అడగడం చేతగాక, చెయ్యి చాపి కూర్చున్నాడు.

"బుధవారం సాయంత్రం కూడా దగ్గు తగ్గలేదు" అంటోంది మరదలు. "పిల్లకి జ్వరం, ఈయనకి దగ్గు. ఇద్దర్నీ చూపించుకొద్దామని నేను చెప్పులు కూడా వేసుకున్నాను. అప్పుడే మీకు ఫోన్ చేశారు. పెట్టేసి, చూశావా, అక్క చూసేసింది, బంగారమట అన్నారు. ఆరింటికి డ్యూటీకి వెళ్ళిపోయారు. మళ్ళీ అదే గదికి."

ఆ గదికి మళ్ళీ వెళ్ళాడన్న సంగతి కండక్టరమ్మకు అప్పటిదాకా తెలియదు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటివంక చూసుకుంది.

"ఐసీయూలో డాక్టరమ్మ నన్నడిగింది, పొగగానీ గ్యాసుగానీ పీల్చాడా అని. మంగళవారం కాస్త తగిలిందండీ అన్నాను. ఆవిడ రాసుకుంది. కానీ బుధవారం మా వదినే ఈయన రక్తం చూశారు, ఆవిడ చేసే పనే అది, బాగుందన్నారు అని కూడా చెప్పాను. మీరు చూశారంటే నాకంత నమ్మకం. ఆవిడ రాసుకున్నది కొట్టేసింది. నా కళ్ళముందే పెన్నుతో కొట్టేసింది. తర్వాత, ఇంట్లో ఎవరికైనా జ్వరాలున్నాయా అని అడిగింది."

ఇక ఆగితే మళ్ళీ నోరు రాదని కండక్టరమ్మకు అర్థమైంది.

"బంగారంలా లేదు" అంది. "నాలుగింతలుంది. నేను ట్యూబు వదిలేసి వాడితో కబుర్లు చెప్తూ కూర్చున్నాను, అందుకే అంకె పాడైందనుకున్నాను. గీత కొట్టేశాను. వాడు ఫోన్ చేసి అడిగితే, నా తప్పు వల్ల నీ రక్తం పాడైపోయిందిరా, రేపు మళ్ళీ రా అని చెప్పాలి. అంతే చెప్పాల్సింది. చెప్పడానికి మొహం చెల్లలేదు. వాడు నన్ను ఏడిపిస్తాడని. తప్పు చెయ్యని మహాతల్లివి కదే అక్కా నువ్వు అని వెక్కిరించేవాడు తెలుసు కదా. చిన్నప్పటినుంచీ వాడి ముందు ఒక్క తప్పు ఒప్పుకోలేదు నేను. నోటికొచ్చిన మాట అనేశాను."

చెప్పేశాక తేలిక పడతామని జనం అంటారు. అలాంటిదేమీ జరగలేదు. కింద వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

మరదలు అరవలేదు. అరిచినా బాగుండునని కండక్టరమ్మ అనుకుంది. ఆమె ఇందాక కుడుతున్న నిక్కరును ఒళ్ళోకి లాక్కుని, వంకరపోయిన కుట్టును బ్లేడు మొనతో ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. పది కుట్లు విప్పాక నోరు విప్పింది.

"మూడు నెలలు వదినా. నా కూతురు నన్ను ముట్టుకోలేదు."

"తెలుసు."

"మీకు తెలీదు. నీవల్ల కాదే అని నేను దానికి ఒక్కసారి చెప్పలేదు. ఏ తల్లయినా చెప్తుంది కదా? నాకు నోరు రాలేదు. ఎందుకంటే నేనూ అదే నమ్మాను. బుధవారం ఈయన రక్తం బంగారం. అదే రోజు పిల్లకి జ్వరం. గురువారం ఈయనకి ఆయాసం. ఇంకేం అనుకోను నేను?" బ్లేడు ఆగింది. "ఒక్కోసారి అది అన్నం తింటుంటే చూసి నాకు కోపమొచ్చేది. ఏడేళ్ళ పిల్ల మీద. నా కడుపున పుట్టిన పిల్ల మీద. దానికది తెలుసు. పిల్లలకి చెప్పక్కర్లేదు వదినా, తెలిసిపోతుంది. మీరు ఒక్క మాట నిజం చెప్పుంటే, ఈయన బతికేవారో లేదో నాకు తెలీదు. నా బిడ్డ మాత్రం నా పక్కన పడుకునేది."

కండక్టరమ్మ ఏడ్చింది. మరదలు ఏడవలేదు, ఓదార్చనూ లేదు. మిషను మీద దుమ్ము తుడిచే గుడ్డ తీసి ఆమె ఒళ్ళో పడేసింది.

"మొహం తుడుచుకోండి" అంది. "ఈ మాట నాకు కాదు, దానికి చెప్పండి. బంగారం గింగారం లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ మీద నా కోపం సంగతి తర్వాత చూసుకుందాం. అది ఇవాళా రేపట్లో తీరేది కాదు."

లోపలి గదిలో ఆవగింజ నేల మీద కూర్చుని బొమ్మకు రంగులేస్తోంది. నోటికి కట్టుకున్న రుమాలు తండ్రిదే, గళ్ళది, వెనక పెద్ద ముడి. అత్తను చూడగానే చెంపలు బిగించి గోడవైపు జరిగింది. కుడిచేతి వేళ్ళు మడుచుకోవడం మొదలైంది. ఒకటి, రెండు, మూడు.

కండక్టరమ్మ ఇక దగ్గరికి పోలేదు. గుమ్మం దగ్గరే చతికిలబడింది.

"ఊపిరి తీసుకోవే తల్లీ. నేను ఇక్కడే కూర్చుంటాను. నిన్నొకటి అడుగుతాను, చెప్తావా? నీకు జ్వరం ఎప్పుడొచ్చింది?"

పిల్ల అనుమానంగా చూసింది. "బుధవారం. లెక్కల పీరియడ్లో."

"అన్నానికి ముందా, తర్వాతా?"

"తర్వాత."

"నాన్న ఆ రోజు నా దగ్గరికి ఎప్పుడొచ్చాడు?"

"నన్ను బడి దగ్గర దింపేసి వచ్చాడుగా. పొద్దున."

"అప్పుడు నేను నాన్న రక్తం తీశాను. ఆ రక్తం చెప్పింది, నాన్న ఊపిరితిత్తులకు అప్పటికే దెబ్బ తగిలిందని. ముందురోజు పంపు గదిలో గ్యాసు పీల్చాడు నాన్న. ఆ దెబ్బ అది. పొద్దున్నకే తగిలి ఉంది. నీకు జ్వరం వచ్చింది మధ్యాహ్నం. నాన్నకు నీ జ్వరం అంటుకోలేదు. నీవల్ల ఏమీ అవలేదు."

పిల్ల రంగుపెన్సిలు మొన వంక చూసింది. లోపల లెక్క సరిచూసుకుంటున్నట్టు పెదాలు రుమాలు కింద కదిలాయి. ఆవగింజంత పిల్లయినా అడగాల్సిన ప్రశ్న దానికి తెలుసు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అత్త తప్పు చేసింది. రక్తం నిజం చెప్తే, అది అబద్ధమనుకుని కొట్టేసింది. నాన్న ఫోన్ చేసి అడిగితే బాగుందని చెప్పింది. అది అబద్ధం. నాన్న నా మాట నమ్మాడు."

"నువ్వు అబద్ధం చెప్పావా?"

"చెప్పాను."

"నాన్నకా?"

"ఊఁ."

పిల్ల తల్లివంక చూసింది. తల్లి ఎప్పుడొచ్చిందో గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె తలూపింది. అవును, నిజమే, నీవల్ల కాదు అని, మూడు నెలలు ఆలస్యంగా, ఒక్క తల ఊపుతో చెప్పింది. పిల్ల చేతులు మెడ వెనక్కి వెళ్ళాయి. ముడి బిగుసుకుపోయి ఉంది, ఒక పట్టాన రాలేదు. చివరికి వచ్చింది. రుమాలు గడ్డం కిందికి జారింది. దాని అంచు ఒరుసుకున్నచోట బుగ్గల మీద ఎర్రటి గీత ఒకటి కనిపించింది. ఆవగింజ నోరు తెరిచి, నిండుగా ఒక్క ఊపిరి పీల్చుకుంది.

మరదలు ఒక్క అంగలో లోపలికి రాబోయి ఆగింది. పిల్ల ఇంకా ఏదో ఆలోచిస్తోంది.

"అత్తా" అంది. "ఆ రోజు తీశానన్నావు కదా. నాన్న రక్తం నీ దగ్గర ఇంకా ఉందా?"

కండక్టరమ్మ తలెత్తి దాని వంక చూసింది.

"కొంచెమైనా సరే. నాకు చూపిస్తావా? ముట్టుకోను. దూరం నుంచే చూస్తాను."

చేతిసంచి ఒళ్ళోనే ఉంది. అందులో ట్యూబు ఉంది. మీద నలభై అన్న అంకె చెక్కుచెదరకుండా ఉంది. లోపల ఏమీ లేదు. ఈ పిల్ల రుమాలు విప్పించిన ఆ ఆఖరి చుక్క పొద్దునే గుంటలో అయిపోయింది. కానీ ఈ పిల్లకు ఆ సంగతి తెలియదు. ల్యాబులో ఉందమ్మా, జాగ్రత్తగా దాచాను, పెద్దయ్యాక చూపిస్తాను అంటే నమ్ముతుంది. ఎవరికీ నష్టం లేదు. పిల్ల మొహం వికసిస్తుంది, ఇవాళ రాత్రి తల్లి పక్కన హాయిగా నిద్రపోతుంది. అలాంటి మాట ఇంతకుముందు కూడా ఆమె నోటికి ఎంత సులువుగా వచ్చిందో మనకు తెలుసు.

గుమ్మం దగ్గర మరదలు కన్నార్పకుండా ఆడపడుచు నోటివంకే చూస్తోంది.

"ఉందా అత్తా?" అని పిల్ల మళ్ళీ అడిగింది.

కండక్టరమ్మ సంచి జిప్పు మీద చెయ్యి వేసి, నోరు తెరిచింది.